ముసలి ఆవుకు ఆకలి చెప్పేదెవరు?

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా కొట్టాలు చూస్తూ వెళ్తే ముసలి ఆవులు ఎక్కడ మిగిలాయో తెలుస్తుంది. కుప్పం వైపు జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలే ఎక్కువ; పాలు తగ్గగానే చేతులు మారతాయి కనుక వాటిలో ముసలితనం కంటపడదు. పుంగనూరు పొట్టి ఆవు సంగతి వేరు. సుమారు మూడడుగుల ఎత్తుండే ఈ జాతిని పలమనేరులో పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం కాపాడుతోంది. నగరాలవాళ్లు ఇంట్లో మనిషిలా పెంచుకోవడానికి కొంటున్నారు. అలా పెరిగే ఆవు ఇంట్లోనే ముసలిదవుతుంది, గాడిలో మేత మిగల్చడం మొదలుపెడుతుంది. అప్పుడు ఇక్కడ వినిపించే మాట, ‘ఆకలైతే అదే తింటాదిలే’. వయసులో ఉన్న పశువుకు ఆ మాట చెల్లుతుంది. ముసలిదానికి చెల్లదని నా వాదన.

ఆకలి కడుపులో పుట్టినా, దాన్ని లెక్కగట్టేది మెదడులోని హైపోథాలమస్. 1994లో బయటపడ్డ లెప్టిన్ అనే హార్మోన్ ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో దానికి చెబుతుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్న ఘ్రెలిన్ తినమని పురిగొల్పుతుంది. పేగులోంచి వచ్చే కోలెసిస్టోకైనిన్ ఇక చాలంటుంది. వయసు మళ్లాక ఈ లెక్క తప్పుతుంది. వృద్ధుల రక్తంలో కోలెసిస్టోకైనిన్ ఎక్కువగా ఉంటుంది, దాని ప్రభావం మాత్రం తగ్గదు. అందుకే కొంచెం తినగానే కడుపు నిండినట్టుంటుంది. అంతకంటే ముఖ్యమైనది ప్రయోగశాలల్లో పెంచే బ్రౌన్ నార్వే రకం ఎలుకల సంగతి. పస్తు పెట్టి వదిలితే లేత వయసు ఎలుకలు ఆబగా తిన్నాయి, ఆకలి పుట్టించే న్యూరోపెప్టైడ్ వై వాటి మెదడులో పెరిగింది. ముసలి ఎలుకల్లో ఆ రెండూ అంతగా పెరగలేదు. 1994లో అమెరికాలో ఆరోగ్యవంతులైన మగవాళ్లకు 21 రోజులు తిండి తగ్గించి చూశారు. కుర్రవాళ్లు ఆ తర్వాత ఎక్కువ తిని తగ్గిన బరువు తెచ్చుకున్నారు, పెద్దవాళ్లు తెచ్చుకోలేకపోయారు. అంటే పోగొట్టుకున్నదాన్ని తిని పూడ్చుకునే గుణమే సడలిపోతోందన్నమాట.

పళ్లరిగితే ఏ పశువు తింటుందని రైతు అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అరిగిన పళ్లతో వరిగడ్డి నమలడం కష్టం, నెమరూ సరిగా సాగదు. కానీ ఆ ఎలుకలకు గానీ, ఆ మనుషులకు గానీ తిండి నమలడం సమస్య కాదు. ఎలుకకూ ఆవుకూ పోలికేమిటనేది ఇంకా గట్టి అభ్యంతరం. ఆవు ఆకలిలో రుమెన్ అనే మొదటి కడుపు నిండడానికీ, అక్కడ పుట్టే ఆమ్లాలకూ పెద్ద పాత్ర ఉంది, కాదనను. అయినా నెమరు పశువుల నాలుగో కడుపు కూడా ఘ్రెలిన్ విడుస్తుంది, మేత వేళకు ముందు అది గొర్రెల రక్తంలో పెరుగుతుంది. యంత్రాంగం ఒకటే అయినప్పుడు వయసు దాన్ని మాత్రం తాకదని అనుకోవడానికి నాకు కారణం కనబడదు. పాల వ్యాపారం ముదిరిన దేశాల్లో ఆవును ముసలితనం దాకా బతకనివ్వరు కనుక వయసుతో ఆకలి ఎలా మారుతుందన్న పరిశీలన అక్కడ సాగడం కష్టం. పుంగనూరు ఆవులున్న పలమనేరులో సాగుతుంది, సాగాలి.

జబ్బు వల్ల మేత మానడం మళ్లీ వేరు. ఉదాహరణకు, క్షయలో ఆకలి చచ్చేది వాపుతో పుట్టే సైటోకైన్లనే రసాయన సంకేతాల వల్ల. కాబట్టి ఉన్నట్టుండి మేత మానితే డాక్టరును పిలవాల్సిందే. నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గుతుంటే మాత్రం దాని ఆకలి మీద భారం వేయకూడదు. రెండు పూటలా కుప్పగా వేసే మేతను నాలుగైదు సార్లుగా విడదీయాలి. పచ్చిగడ్డి సన్నగా తరగాలి, తవుడు నానబెట్టాలి, ఎండాకాలం ఎక్కువ భాగం చల్లటి వేళ వేయాలి. నెలకోసారి ఛాతీ చుట్టుకొలత టేపుతో తీసి రాసుకోవాలి. కొలత వరుసగా రెండు నెలలు తగ్గితే, గాడిలో మేత మిగిలి ఉన్నా సరే, అది అర్ధాకలితో ఉన్నట్టే లెక్క.