పాము కనుమలో ఆగిపోయే కారు

ఇంగ్లండులో షెఫీల్డు నుండి గ్లాసప్ మీదుగా మాంచెస్టరు వైపు పోయే బాటలో ఒక కొండ కనుమ ఉన్నది. దాని పేరు స్నేక్ పాస్. మన భాషలో పాము కనుమ. మెలికలు చూసి పెట్టిన పేరనుకున్నాను. కాదట! దారిలో ఉన్న పాత సత్రానికి డెవన్‌షైర్ ప్రభువులైన కేవెండిష్ వంశీయుల చిహ్నంలోని సర్పం పేరు పెట్టారు. సత్రం పేరు కనుమకు అంటుకున్నది. థామస్ టెల్ఫర్డ్ రూపొందించిన ఈ బాట 1821లో తెరుచుకున్నది. శిఖరం ఎత్తు సుమారు 510 మీటర్లు.

2019 అక్టోబరులో మా బావగారి కారులో ఆ కనుమ దాటాను. అది 1967 నాటి ఎం.జి.బి.; ఇద్దరు మాత్రమే కూర్చునే స్పోర్ట్సు కారు. బావగారు షెఫీల్డులో వైద్యులు. మూడు నెలలుగా ఆ కారుకు ఒక వింత జబ్బు పట్టుకున్నది. చక్కగా పోతూ పోతూ, ఎవరో దీపం ఊదినట్లు ఇంజను ఆగిపోతుంది. పక్కకు తీసి తాళం తిప్పితే వెంటనే అందుకుంటుంది. మెకానిక్కు దగ్గరకు తీసుకుపోతే ఏ లోపమూ కనిపించదు.

"రోగి నా గదిలోకి రాగానే దగ్గు మానేసినట్లుంది," అన్నారు బావగారు.

నవ్వుకొని ఊరుకునే విషయం కాదది. మా మేనకోడలు మాంచెస్టరులో చదువుతున్నది. ఆ ఆదివారం ఆ కారును ఒంటరిగా నడుపుకొని ఈ కనుమ మీదుగానే వెళతానని పట్టుబట్టింది. మలుపులో, వెనుక లారీ తరుముకొస్తుండగా ఇంజను ఆగితే? తాళం చెవి అక్క తన బీరువాలో దాచింది.

బావగారు అప్పటికే పెట్రోలు పంపు మార్పించారు. ఇగ్నిషన్ కాయిల్, కండెన్సరు కూడా మార్పించారు. నిజానికి కాయిల్‌ను అనుమానించవలసింది కాదు. వేడెక్కి చచ్చిన కాయిల్ చల్లారితే గాని బ్రతకదు. ఇదేమో మరుక్షణమే లేచి కూర్చుంటున్నది. ఇక రోడ్డు మీదనే పరీక్షించాలని నన్ను వెంటబెట్టుకున్నారు. ఇంజను చుట్లను చూపే టాకోమీటరు ముల్లు మీదనుండి కన్ను తీయకుండా ఉండటం, ఆగిన ప్రతి చోటూ పుస్తకంలో వ్రాయటం నా పని.

ఊరు దాటగానే గోధుమరంగుకు తిరిగిన హెదర్ పొదలు, గొర్రెలు, రాతిగోడలు. తరువాత దిగుడు, అక్కడ లేడీబవర్ జలాశయం. 1945లో ఆరవ జార్జి రాజు ప్రారంభించిన ఆ నీటి క్రింద రెండు గ్రామాలున్నాయి. అందులో డెర్వెంట్ శిథిలాలు 2018లో నీరు తగ్గినప్పుడు బయటపడితే జనం విరగబడి చూశారట. వంతెన దాటి లోయలో చల్లగా సాగుతుండగా ఇంజను ఆగింది. కారు ఇంకా గేరులోనే దొర్లుతున్నది. చక్రాలు ఇంజనును త్రిప్పుతూనే ఉన్నాయి. ముల్లు మాత్రం టక్కున సున్నాకు పడిపోయింది.

"పెట్రోలు అందకపోతే ముల్లు ఇంజనుతో పాటే మెల్లగా దిగుతుంది," అన్నారు బావగారు. "ఈ ముల్లు నడిచేది కాయిల్ కరెంటుతోనే. ఇంజను తిరుగుతుండగా ఇది పడిందంటే, ఆ కరెంటే తెగుతున్నది."

సత్రం చేరేలోగా మరి రెండుసార్లు ఆగింది. ఆపైన నిట్రమైన ఎక్కుడు. ఒక్కసారి కూడా ఆగలేదు. శిఖరం మీద నల్లని మెత్తని బురదనేల, చెవులు కోసే గాలి. గ్లాసప్‌కు దిగేటప్పుడూ ఆగలేదు.

గ్లాసప్‌లో టీ త్రాగుతూ నా పుస్తకం తిరగవేశాను. ఒక పదం ఒకచోట ఒదిగి మరొకచోట మొరాయిస్తే, అనువాదకుడు ఆ పదాన్ని వదిలి ఇరుగుపొరుగును చూస్తాడు. ఆగిన మూడు చోట్లా బాట దాదాపు చదునుగా ఉన్నది. "బావగారూ, మీరు యాక్సిలేటరు మీద పాదం తేలికగా ఉంచినప్పుడే ఆగుతున్నది. గట్టిగా తొక్కినా, పూర్తిగా వదిలినా ఆగటం లేదు," అన్నాను.

ఆయన కప్పు క్రింద పెట్టి లేచారు.

డిస్ట్రిబ్యూటరు లోపల కాంటాక్టు పాయింట్లను మోసే పళ్ళెం ఒకటి ఉంటుంది. పాదం తేలికగా ఉన్నప్పుడు కార్బ్యురేటరు వద్ద పుట్టే పీల్పు ఒక సన్నని గొట్టం ద్వారా ఆ పళ్ళేన్ని కొద్దిగా త్రిప్పి, నిప్పురవ్వ కాస్త ముందుగా పడేటట్లు చేస్తుంది. గట్టిగా తొక్కితే పీల్పు సన్నగిల్లి పళ్ళెం వెనుకకు వస్తుంది. ఊరక నిలబడి తిరిగే ఇంజనులో పళ్ళెం అసలు కదలదు. పాయింట్లకు కరెంటు తెచ్చే తీగ మాత్రం పళ్ళెంతో పాటు ప్రతిసారీ వంగుతూ ఉండాలి. యాభై రెండేళ్ళుగా వంగుతున్నది!

బావగారు మూత తీసి, గొట్టం కొసను నోటబెట్టి పీల్చారు. నేను తీగ రెండు కొసలకు మీటరు పట్టుకున్నాను. పీల్చగానే మీటరు ముల్లు పడింది, వదలగానే లేచింది. మళ్ళీ పీల్చారు, మళ్ళీ పడింది. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగిపోగులు తెగి, కొసలు ఒకదాన్నొకటి తాకుతూ ఉన్నాయి. దారిన పోయే ఒక ముసలమ్మ ఆగి, డాక్టరుగారు రబ్బరు గొట్టం పీలుస్తున్న వైనాన్ని విచారంగా చూసి వెళ్ళింది.

కొత్త తీగ అక్కడ దొరకలేదు. గొట్టాన్ని ఊడదీసి, కార్బ్యురేటరు వైపు రంధ్రం మూశారు. పళ్ళెం కదలకపోతే తీగ వంగదు. పెట్రోలు కాస్త ఎక్కువ త్రాగుతుంది, అంతే. తిరుగు ప్రయాణంలో ఆ లోయ పొడుగునా బావగారు కావాలనే పాదం తేలికగా ఉంచి నడిపారు. ఇంజను ఒక్కసారైనా తడబడలేదు. శుక్రవారం కొత్త తీగ వేసి, గొట్టం యథాస్థానంలో తగిలించి, మరొకసారి కనుమ దాకా పోయి వచ్చారు. అక్క బీరువా తెరిచింది.

ఆదివారం సాయంత్రం ఫోను మ్రోగేవరకు ఎవరమూ భోజనానికి లేవలేదు. కారు ఎక్కడా ఆగలేదట. కనుమ మీద వాన పట్టుకున్నదట. పైకప్పు గుడ్డ కారి తన పుస్తకాలన్నీ తడిశాయని మా మేనకోడలు తండ్రి మీద మండిపడుతున్నది.