తుపాకుల నడుమ నొక భోజనపుబల్ల

ఇరువురు పోలీసువారు మొదట కీచులాడుకొని, పిదప ప్రాణమిత్రులయ్యెడి యమెరికా చలనచిత్రములన్న నాకు మిక్కిలి ప్రీతి. తుపాకుల మ్రోత మనకేలయని మీరనవచ్చును. 1987వ సంవత్సరమున రిచర్డ్ డానర్ తీసిన ‘లీథల్ వెపన్’ చిత్రమునే చూడుడు. మర్టా యేబదియేండ్లు నిండిన సంసారి. భార్యయు, ముగ్గురు బిడ్డలును గలరు. రిగ్సో, భార్యను గోల్పోయి, తన్ను తాను కాల్చుకొనుటకై యొక తుపాకిగుండును దాచుకొన్నవాడు. ఇట్టివానిని తనకు జతచేసిరని మర్టా విసుగుకొనును. అయినను నొకరాత్రి వానిని భోజనమునకు తోడ్కొనివచ్చును. ఇల్లాలు ట్రిష్ వంట బాగుండదని చిత్రములో పరిహాసము. (వండిన చేతుల కష్టము నవ్వెడివారి కేమి తెలియును?) ఆ రుచిలేని కూడే వానిని బ్రదికించెనని నా తలంపు. కాల్పులును, కార్ల పరుగులును నే నంతగా పట్టించుకొనను. కడపట, క్రిస్మసునాడు, రిగ్స్ వాకిటికి వచ్చి, యా గుండు తనకిక నక్కరలేదని, తండ్రికి కానుకగా నిమ్మని పెద్దకుమార్తె చేతబెట్టి మరలిపోవుచుండును. మర్టా వెలుపలికి వచ్చి వానిని పండుగభోజనమునకు పిలుచును. వాడు తన కుక్కతో కూడ లోనికి పోవును.