అసిలోమార్ రాళ్ళలో మన చుట్టం

కాలిఫోర్నియాలో మాంటెరే పక్కనే పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊరుంది. అక్కడి అసిలోమార్ తీరంలో ఆటు వేళ నీరు తగ్గితే, రాళ్ళ గుంటల్లో జంతుశాస్త్ర పాఠం కళ్ళ ముందుంటుంది. పిల్లలతో వెళ్ళి చూశాం.

పువ్వులా విచ్చుకున్న సీ ఎనిమోన్‌కి తల లేదు, తోక లేదు. చుట్టూ ఒకేలా ఉంటుంది. ఇది వలయ సౌష్ఠవం. పీతకు మనలాగే కుడి, ఎడమ సమానం. ఇది ద్విపార్శ్వ సౌష్ఠవం. మరి ఐదు చేతుల సముద్ర నక్షత్రం?

"ఎనిమోన్‌కి చుట్టం!" అంది మా అమ్మాయి.

"కాదు తల్లీ, మనకే చుట్టం" అన్నాను.

పిల్ల దశలో నక్షత్రానికీ కుడి ఎడమలుంటాయి. ఐదు చేతులు తర్వాత వస్తాయి. పిండంలో మొదట ఏర్పడే రంధ్రం దానిలోనూ, మనలోనూ నోరుగా మారదు. నోరు వేరుగా ఏర్పడుతుంది. అందుకే వంశవృక్షంలో పీతకన్నా నక్షత్రమే మనకు దగ్గర.

ఆ చుట్టాలకు 2013లో పెద్ద జబ్బు వచ్చింది. పొద్దుతిరుగుడు నక్షత్రమనే పెద్ద జాతి కాలిఫోర్నియాలో దాదాపు కనుమరుగైంది. దానికి కారణమైన బ్యాక్టీరియాను 2025లో గుర్తించారు.

ఆటుపోట్ల వేళలు చూసుకుని మీరూ వెళ్ళండి. చూడండి, ఫొటోలు తీసుకోండి. గవ్వ కూడా తీయకండి.