స్కానింగు గదిలో

మా అమ్మాయికి మూడో నెల నిండుతూండగా డాక్టరమ్మ స్కానింగు రాసింది. ఆ చీటీ చేతిలో పడ్డది మొదలు పిల్ల అన్నం సరిగా తినలేదు. రెండేళ్ళ కిందట ఇలాంటి గదిలోనే పడుకోబెట్టి, "గుండె కొట్టుకోవడం లేదమ్మా" అన్నారు. ఆ మాట ఇంకా దాని చెవిలోనే వుంది.

విశాఖపట్నంలో మా వంతు సాయంత్రం అయిదింటికి. అంతదాకా ఆసుపత్రి కుర్చీల్లో కూర్చుంటే మనసు మరీ పాడవుతుందని మా వారు అందరినీ బీచికి తీసుకువెళ్ళారు. అమ్మాయీ అల్లుడూ నీడపట్టున కూర్చున్నారు. నేనూ ఆయనా కురుసుర జలాంతర్గామి ఎక్కాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001దాకా కొలువు చేసి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియమై కూర్చున్నది.

"ఇంత ఓడకి కిటికీ అన్నది లేదేమండీ?" అన్నాను.

ఆయన ఫిజిక్సు మాస్టారుగా రిటైరయ్యారు గానీ పాఠం చెప్పడం మానలేదు.

"నీళ్ళలో వెలుగు ఎంతో దూరం పోదే! పోయేది శబ్దం. సెకనుకి సుమారు 1500 మీటర్లు. నూతిలోకి వంగి కేకేస్తే తిరిగి వినబడదూ? అదే కిటుకు. పంపిన కేక రెండు సెకన్లకి తిరిగొచ్చిందంటే, అడ్డం తగిలినది 1500 మీటర్లలో వుందన్నమాట."

స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారట. విద్యుత్తు యిస్తే అదే స్ఫటికం వణికి శబ్దం పుట్టిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రువుల జలాంతర్గాములు ఓడల్ని ముంచేస్తూంటే, పారిస్‌లో లాంజెవిన్ అనే శాస్త్రవేత్త 1917లో ఉక్కు పలకల మధ్య స్ఫటికాల్ని పొదిగి సముద్రంలోకి కేక వేయించాడు.

"సాయంత్రం మన అమ్మాయికి చేసేదీ ఇదే" అన్నారు మా వారు. నేను ఉలిక్కిపడ్డాను. శత్రువుని వెతికేదానితో బిడ్డని వెతకడమా!

ఆయన నవ్వారు. గ్లాస్గోలో అయన్ డొనాల్డ్ అనే డాక్టరు, 1955లో ఒక బాయిలర్ల ఫ్యాక్టరీలో ఇనుములో పగుళ్ళు పట్టే శబ్దయంత్రం చూశాడట. తాను ఆపరేషను చేసి తీసిన కణుతుల్ని కారులో వేసుకువెళ్ళి దానిమీద పెట్టి చూశాడట. ఆ పరిశోధన 1958లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. కడుపులో బిడ్డ బొమ్మ కూడా అందులో వుంది.

అయిదింటికి నేను అమ్మాయితో లోపలికి వెళ్ళాను. గోడమీద 'ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు' అన్న బోర్డు. 1994 నాటి చట్టం. పొద్దున్న మా వియ్యపురాలు ఫోనులో, "మగపిల్లాడేమో నెమ్మదిగా అడిగి చూడండి వదినగారూ" అన్నది. ఆ బోర్డు చూసి ఆ మాట అక్కడే మరిచిపోయాను.

డాక్టరమ్మ కడుపుమీద చల్లటి జెల్లీ రాసింది. మధ్యన గాలి పొర వుంటే శబ్దం లోపలికి పోకుండా అక్కడినించే వెనక్కి మళ్ళుతుందట. తరవాత చేతిలోని పరికరం అటూ ఇటూ జరిపింది. మన చెవి సెకనుకు 20,000 కంపనాలు దాటితే వినలేదు. ఇవి లక్షల్లో వుంటాయి. అందుకే ఆ గదిలో ఒక్క చప్పుడూ లేదు.

డాక్టరమ్మ మాట్లాడలేదు. అమ్మాయి నా చెయ్యి నలిపేస్తోంది. కడుపులో జానెడు లోతుకి శబ్దం వెళ్ళి రావడానికి సెకనులో కొన్నివేల వంతుల్లో ఒకటి చాలునని మా వారు చెప్పారు. అది యంత్రానికి. తల్లికి కాదు.

"ఇదిగోనమ్మా, చూడండి" అంటూ తెరని మావైపు తిప్పింది. బూడిదరంగు మసకలో గింజంత చోటు టపటపా కొట్టుకుంటోంది. అమ్మాయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

బయటికి రాగానే వియ్యపురాలి ఫోను.

"ఏమన్నారు వదినగారూ?"

"గుండె కొట్టుకుంటోంది వదినగారూ! కళ్ళారా చూశాను."

కాసేపు అవతలినించి మాట లేదు.

"అమ్మయ్య! కోడలికి ఫోనివ్వండి" అన్నది. గొంతు జీరపోయింది. రెండో ప్రశ్న అడగలేదు.