ఎఫ్9 మీట వెనకాల

2025 జూన్ 30
జహీరాబాద్. సి ల్యాబ్ తెరిచాం. డాస్‌బాక్స్ లోపల టర్బో సి నీలం తెర. బోర్లాండ్ 1987లో తెచ్చింది. ఎడిటర్, కంపైలర్ ఒకే చోట పెట్టి ఇచ్చింది. పిల్లలకు రెండూ ఒకటే అనిపించడం సహజం.

జులై 2
ఒకమ్మాయి ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం. 7కు 5040. 8కి మైనస్ 25216. "సార్, గుణిస్తే మైనస్ ఎట్లొస్తది?"
టర్బో సిలో ఇంట్ అంటే రెండు బైట్లు. 32767 దాటితే తిరగబడుతుంది. అదే ఫైలు కోడ్‌బ్లాక్స్ ఎడిటర్‌లో, జీసీసీ కంపైలర్‌తో: 40320. అక్కడ నాలుగు బైట్లు. 12 దాకా సరిగ్గా వచ్చింది. 13 దగ్గర అదీ తప్పింది. ఆ అమ్మాయిది ఈ టర్మ్‌లో నేను విన్న మంచి ప్రశ్న.

జులై 4
ఇంట్లో కోడ్‌బ్లాక్స్ వేసుకున్నాడొకడు. ఎఫ్9 నొక్కితే కంపైలర్ సరిగా లేదంటోంది. డేటా అయిపోతుందని మింగ్‌డబ్ల్యూ, అంటే కంపైలర్, లేని చిన్న ఫైలు దింపుకున్నాడు.
"గింత పెద్దగున్నది, దీంట్ల కంపైలర్ లేదా సార్?"
లేదు. రాసుకునే చోటు మాత్రమే. పెన్‌డ్రైవ్‌లో మింగ్‌డబ్ల్యూ ఇచ్చాను. సెట్టింగ్స్, కంపైలర్, టూల్‌చైన్ ఎగ్జిక్యూటబుల్స్, ఆటో డిటెక్ట్. నడిచింది.

జులై 7
బీదర్ వైపు నుంచి వచ్చే కుర్రాడి ల్యాప్‌టాప్‌లో విజువల్ స్టూడియో. ఎన్ విలువ అడిగి, అంత సైజు అర్రే పెట్టాడు. ఒప్పుకోలేదు. పక్కవాడి జీసీసీ ఒప్పుకుంది. ఒకే ప్రోగ్రాం. 1999 సి ప్రమాణం ఇలాంటి అర్రే ఇవ్వమంది. 2011 ప్రమాణం ఇష్టమైతే ఇవ్వమంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఇవ్వలేదు. ఇద్దరి కోడ్‌లోనూ తప్పు లేదు.

జులై 9
కరెంటు లేదు. బోర్డు మీద పాఠం. ఐ ఈక్వల్ టు ఐ ప్లస్ ప్లస్, ప్లస్, ప్లస్ ప్లస్ ఐ. గైడ్‌లో దీనికి ఒక సంఖ్య ఉంది. సి ప్రమాణంలో లేదు. 1989 నుంచీ ఇది అర్థం నిర్ణయించని రాత. కంపైలర్‌ను బట్టి ఏదైనా రావచ్చు. బోర్డు మీద కొట్టేయించాను.

జులై 11
చాలామందికి ల్యాప్‌టాప్ లేదు. ఫోనే. టెర్మక్స్ యాప్‌లో జీసీసీ అని కొడితే పలుకుతుంది. వెర్షన్ అడిగితే క్లాంగ్ అని వేరే కంపైలర్ పేరు చెబుతుంది. వెర్షన్ అడగడం అలవాటు చేయాలి. ఫోన్‌లో నేర్చినా సి సియే.

జులై 14
ఈసీఈ వాళ్ల కైల్ సాఫ్ట్‌వేర్. ముందు చిప్ ఎంచుకోవాలి. 8051 అంటే సి51 కంపైలర్. అక్కడ ఇంట్ మళ్లీ రెండు బైట్లే. అంటే పాత పుస్తకంలోని 32767 కైల్ బల్ల మీద ఒప్పు, జీసీసీ బల్ల మీద తప్పు. మహీంద్రా ట్రాక్టర్లు తయారయ్యే ఊరు ఇది. చిన్న చిప్‌లకు ప్రోగ్రాం రాసేవాళ్లు ఇక్కడి పిల్లల్లోంచి రావాలి. ఈ తేడా వాళ్లకు అన్నంలాంటిది.

జులై 16
యూటీఎఫ్-8లో 'జహీరాబాద్' రాసి స్ట్రింగ్ పొడవు అడిగారు. 27. తొమ్మిది గుర్తులు, ఒక్కోదానికి మూడు బైట్లు. కన్నడంలో రాసినా 27. ఉర్దూలో 16. మూడూ మాట్లాడే క్లాసు. అందరూ తమ పేర్లు కొలుచుకున్నారు. టర్బో సి తెర మీద ఈ మూడు లిపుల్లో ఒక్కటీ కనబడదు.

జులై 18
ఒకరింట్లో కొత్త జీసీసీ 14. గత ఏడాది వచ్చింది. హెడర్ ఫైలు పెట్టని ఫంక్షన్‌ను ముందు హెచ్చరించి వదిలేసేది. ఇప్పుడు ఎర్రర్. పాత ల్యాబ్ ప్రోగ్రాంలు ఆగిపోయాయి. మంచిదే. పిల్లలు హెడర్లు పెట్టడం మొదలుపెట్టారు.

జులై 22
ల్యాబ్ యంత్రాలన్నిటిలో జీసీసీ. హెచ్చరికలు చూపే వాల్ ఆప్షన్ పెట్టెలో టిక్. స్కాన్ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ మరిచిన సంగతి నడపకముందే చెబుతోంది. టర్బో సి ఒక్క యంత్రంలో ఉంచాను, 8 ఫ్యాక్టోరియల్ చూపడానికి.
ఇకనుంచి రికార్డులో ప్రతి ప్రోగ్రాం పైన కంపైలర్ పేరు, వెర్షన్ రాయాలి. అవి లేని అవుట్‌పుట్‌కు సంతకం పెట్టను.