అధ్యక్షుని పేరు మోసిన గుడిసెలు

దేశాధినేత పేరు ఊరికి పెట్టడం గౌరవసూచకమని మనం భావిస్తాం. 1930 దశకం ఆరంభంలో అమెరికాలో అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ పేరు మోసిన ఊళ్ళు మాత్రం రేకులతో, అట్టలతో, పాత చెక్కపెట్టెలతో నిలబెట్టిన గుడిసెల వాడలు. వాటిని హూవర్‌విల్ అన్నారు. నిరాశ్రయులు కప్పుకొనే పాత వార్తాపత్రిక 'హూవర్ దుప్పటి' అయింది. లోపలి గుడ్డను బయటికి లాగి చూపిన ఖాళీ జేబు 'హూవర్ జెండా' అయింది. పరిహాసం నాకు సాధారణంగా రుచించదు. అయితే ఇల్లు కోల్పోయినవాని పరిహాసాన్ని తప్పుపట్టే అర్హత, నిజమైన దుప్పటి కప్పుకొని నిద్రించే నాకు లేదు.

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి, కర్మాగారాలు ఆగిపోయాయి. 1933 నాటికి ఆ దేశ శ్రామికుల్లో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. అద్దె చెల్లించలేనివారు వీధిన పడ్డారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో నీరు తోడివేసిన జలాశయపు అడుగున కూడా గుడిసెలు వెలిశాయి. పని దొరకని తాపీమేస్త్రీలు అక్కడ ఇటుకలతో ఒక ఇల్లు సైతం కట్టారు. చేతిలోని విద్య ఊరుకోనిస్తుందా!

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది సియాటిల్ నగరపు హూవర్‌విల్. 1931లో, మూతబడిన ఓడల నిర్మాణశాల ఖాళీ స్థలంలో జెస్సీ జాక్సన్ అనే నిరుద్యోగ కలప కార్మికుడు, ఆయన సహచరులు దానిని నెలకొల్పారు. ఏడు రోజుల్లో ఖాళీ చేయాలని అధికారులు నోటీసు ఇచ్చి, గడువు ముగియగానే గుడిసెలకు నిప్పు పెట్టారు. వారు మళ్ళీ కట్టుకున్నారు. మళ్ళీ నిప్పు పెట్టారు. ఈసారి నేలను తవ్వి, పైన రేకులు కప్పుకున్నారు. చివరికి కొత్త నగరపాలకులు షరతులతో వారిని ఉండనిచ్చారు. శుభ్రత, క్రమశిక్షణ వారే చూసుకోవాలి. స్త్రీలు, పిల్లలు ఉండకూడదు.

ఈ చివరి షరతు దగ్గర నేను ఆగిపోయాను. 1934లో డొనాల్డ్ రాయ్ అనే విద్యార్థి అక్కడే నివసించి జనాభాను లెక్కించాడు. మొత్తం 639 మంది. వారిలో స్త్రీలు ఏడుగురు. అడవుల్లో, గనుల్లో, ఓడల్లో బతికిన ఒంటరి పురుషులే అక్కడ అధికమన్న మాట నిజమే. కానీ ఎక్కడో భార్యాబిడ్డలున్నవాడు ఆ వాడకు చేరితే, తలదాచుకునే చోటు, సంసారం ఈ రెండింటిలో ఒకటే అతనికి దక్కుతుంది. పేదవానికి నీడ ఇస్తూ కుటుంబాన్ని వెలుపల నిలబెట్టిన ఆ ఒప్పందాన్ని దయ అనడానికి నా మనసు అంగీకరించడం లేదు. మరొక సంగతి కూడా చెప్పాలి. నగరంలో తెల్లవారు, నల్లవారు వేర్వేరు పేటల్లో నివసించే ఆ రోజుల్లో, ఈ గుడిసెల్లో తెల్లవారు, నల్లవారు, ఫిలిప్పీన్సువారు పక్కపక్కనే ఉన్నారు. వాడ వ్యవహారాలు చూసే సంఘంలోనూ అందరికీ చోటు దక్కింది.

మా మదర్సాలో జకాత్ అధ్యాయం చెప్పేటప్పుడు ఫకీరుకు, మిస్కీనుకు గల భేదం వివరిస్తాను. ఒకసారి రేకుల ఇంటి నుంచి వచ్చే ఒక పిల్లవాడు, "మౌల్వీ సాబ్, సొంత ఇల్లుంటే జకాత్ తీసుకోకూడదా?" అని అడిగాడు. నివసించే ఇల్లు, ఇంటి సామాను, వృత్తి పనిముట్లు నిసాబ్ లెక్కలోకి రావని చెప్పాను. ఇల్లున్నంత మాత్రాన ఎవరూ ధనవంతులు కారు. ధర్మశాస్త్ర పండితులు ఇంటిని, పనిముట్లను మనిషి ప్రాథమిక అవసరాలుగా ఎందుకు ఎంచారో, సియాటిల్‌లో రెండుసార్లు కాలిన గుడిసెల గురించి చదివాక నాకు మరింత స్పష్టమైంది. అక్కడ గుడిసెతోపాటు మనిషి మళ్ళీ నిలదొక్కుకునే ఆధారమే బూడిదైంది.

తర్వాత యుద్ధకాలం వచ్చింది. ఓడరేవు ప్రాంతానికి గిరాకీ పెరిగింది. 1941లో నగరపాలకులు ఆ గుడిసెలను ఇంకొకసారి తగలబెట్టారు. ఈసారి తిరిగి కట్టనివ్వలేదు.