అత్తయ్య నొక్కిన బొమ్మ

మా నానక్‌రామ్‌గూడలో బాల్కనీలోంచి ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలే. మా ఇంట్లో మాత్రం 2015లో కొన్న కంప్యూటర్! 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే, ఇంటెల్ ప్రాసెసర్ కనీసం 8వ తరంది కావాలట. మాది 4వ తరం. "పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నారు మావారు. పిల్లల చదువులన్నీ దాని మీదే సాగాయి, నాకు మనసొప్పలేదు.

ఉబుంటు వేద్దామన్నాడు మా అబ్బాయి. పైసా ఖర్చు లేదు. ముందు ఫొటోలన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాం. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే ఎక్కించాం. నేను వంట ముగించేసరికి అయిపోయింది. ఫొటోలు మళ్లీ అందులో పెట్టి, భాష తెలుగు ఎంచుకున్నాం.

ఇంగ్లీషు రాదని ఇన్నేళ్లూ దాని దగ్గరికే రాని అత్తయ్య, కళ్లజోడు సర్దుకుని "చిత్రాలు" అని పైకి చదివారు. "ఇది నొక్కితే ఏమవుతుందమ్మా?" అన్నారు.

"నొక్కండి అత్తయ్యా."

మామయ్యగారి ఒళ్లో మావాడి అన్నప్రాసన ఫొటో వచ్చింది. ఆవిడ చాలాసేపు అక్కడే కూర్చున్నారు.

పాత సామాన్లవాడి మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.